వాన మొదలైన ఇరవై నిమిషాలకు

నాకు ఉరుమంటే భయం. చిన్నాచితకా భయం కాదు. ఎక్కడో ఊరవతల గుడుగుడుమంటే చాలు, ఇక్కడ నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఇది తెలిసి కూడా దేవుడు నాకు వానలో నిలబడే ఉద్యోగమే ఇప్పించాడు. ఆయనకూ నాకూ ఆ పేచీ ఇంకా తెగలేదు.

కాశిబుగ్గలో మాది మగ్గాల ఇల్లు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాకంటే పదకొండేళ్ళు పెద్దది. ఉరిమినప్పుడల్లా నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి మగ్గం గుంటలో దూరేదాన్ని. అక్క పైన కూర్చుని నేస్తూ ఉండేది, ఆమె కాళ్ళు గుంటలో పలకలు తొక్కుతూ ఉండేవి. ఆ కాళ్ళ పక్కనే ముడుచుకుని, చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. "ఏం గాదే, నేనున్న గద" అనేది అక్క, నేత ఆపకుండానే. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు కూడా అలా ఒకసారి దూరాను. బావ చూసి పడీ పడీ నవ్వాడు. నవ్వనీ, నాకేం సిగ్గు లేదు.

ఎనభైల మొదట్లో నాకు ఒక పురుగుమందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. హైదరాబాద్ రోడ్డు మీద, ఊరు దాటాక ఉండేది. డ్రమ్ముల్లో వచ్చే చిక్కటి మందును నూనెలో కలిపి, చిన్న డబ్బాల్లో నింపి, పత్తి రైతులకూ వరి రైతులకూ అమ్మేవాళ్ళు. ఆ మందు నీళ్ళలో పడిందంటే నీళ్ళు పాలలాగా తెల్లబడతాయి. యార్డులో ఆరుబయట రెండు అరుగులు ఉండేవి. ఎడమ అరుగు మీద ఒక జాతి మందు డ్రమ్ములు, కుడి అరుగు మీద ఇంకో జాతివి. రెంటినీ కలపకూడదని మాకు మొదటి రోజే చెప్పారు.

నా పని ల్యాబులో. అందులో ఒక పని వాన కాలువది. ఫ్యాక్టరీ లోపలి మురికి నీళ్ళకు వేరే తొట్టి ఉంది. యార్డు మీద, రేకుల మీద పడ్డ వాన నీళ్ళు మాత్రం ఒక కాలువలో చేరి, వెనక గోడ కింద తూము గుండా బయటికి పోయి కుంటలో కలిసేవి. కాలుష్య బోర్డు వాళ్ళు ఫ్యాక్టరీకి ఇచ్చిన అనుమతి కాగితంలో ఒక షరతు పెట్టారు. వాన పడ్డప్పుడల్లా, మొదలైన అరగంటలోపు, ఆ తూము దగ్గర ఒక సీసా నీళ్ళు పట్టాలి. రంగు, వాసన చూసి, లిట్మస్ కాగితం ముంచి పులుపో చవుడో చూసి, రిజిస్టర్లో రాయాలి. నెలకొకసారి ఆ వివరాలన్నీ రిపోర్టుగా పంపాలి.

అరగంటలోపే ఎందుకంటే, బియ్యం కడిగే ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మొదటి కడుగు నీళ్ళే తెల్లగా వస్తాయి. మూడో కడుగు చూసి బియ్యంలో దుమ్మే లేదంటే ఎవరైనా నవ్వుతారు. నేల మీద కారిందీ, ఒలికిందీ, ఎండకు ఎండిందీ అంతా మొదటి వానే ఊడ్చుకుపోతుంది.

నేను రెండేళ్ళపాటు మూడో కడుగు నీళ్ళే పట్టాను.

నాకు పని నేర్పిన పెద్దసారే ఈ దారి చూపించాడు. "వాన తగ్గినంక తీసుకో అమ్మా, తడువవు. రిపోర్టు గూడ మంచిగొస్తది" అన్నాడు మొదటి వానాకాలమే. ఆయన నా మంచికే చెప్పాడు. నాకేమో ఆ మాట అమృతం పోసినట్టయింది. అప్పటినుంచి ఉరుములు ఆగేదాకా గేటు గదిలో కూర్చునేదాన్ని. గేటు తాత తన గిన్నెలో చాయ్ కాచి ఇచ్చేవాడు. అంతా సద్దుమణిగాక గొడుగేసుకుని వెళ్ళి, తళతళలాడే నీళ్ళు పట్టుకొచ్చేదాన్ని. రిజిస్టర్లో 'వాన మొదలైన ఎన్ని నిమిషాలకు' అని ఒక గడి ఉండేది. అందులో ఇరవై అని రాసేదాన్ని. ప్రతిసారీ ఇరవయ్యే. ఒక్కసారైనా పద్దెనిమిదో ఇరవై రెండో రాద్దామన్న తెలివి కూడా లేదు నా మొహానికి.

ఇంట్లో మాత్రం నాకు పెద్ద పేరు. బావ వాడంతా చెప్పుకునేవాడు, "మా మరదలు నీళ్ళ డాక్టరు" అని. ఆయనకు చేపలు పట్టడమంటే పిచ్చి. ఒకరోజు అన్నం తింటూ అడిగాడు.

"మీ ఫ్యాక్టరీ ఎనక కుంటల చేపలు మస్తుగున్నయంటాన్రు. ఆ నీళ్ళెట్లుంటయి?"

"రిపోర్టయితే మంచిగనే ఉంది బావా" అన్నాను.

అది అబద్ధం కాదు. రిపోర్టు నిజంగానే బాగుంది.

మూడో ఏడు మిరుగు నాడే మొదటి వాన పడింది. మృగశిర కార్తె మొదలయ్యే రోజును మావైపు మిరుగు అంటారు. ఆ రోజు ఎవరింట్లోనైనా చేపల కూర ఉండాల్సిందే. తినకపోతే ఏడాదంతా రోగాలొస్తాయని నమ్మకం. పైగా మొదటి వానకు కుంటల్లో చేపలు కొత్తనీళ్ళకు ఎదురెక్కుతాయి, కాలువల్లో చేతికి అందుతాయి. అందుకని మగవాళ్ళు మబ్బు చూసుకుంటూ పొద్దున్నే వలలతో బయల్దేరతారు. బావ కూడా సైకిల్ మీద ఎటో వెళ్ళాడు. ఎటని నేను అడగలేదు.

పది గంటల వేళ మబ్బు కమ్మింది. పెద్దసారు సెలవులో ఉన్నాడు. నేను సీసా పట్టుకుని బయటికొచ్చానో లేదో, గోడవతల ఎక్కడో పిడుగు పడ్డంత చప్పుడయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తి గేటు గదిలో దూరాను.

"అంత భయమైతే ఎట్ల బిడ్డా, కూసో, కూసో" అని తాత స్టూలు జరిపాడు.

ఆ గది కిటికీలోంచి యార్డంతా కనిపిస్తుంది. వాన దబదబా పడుతోంది. కాలువలో ముందు ఎర్రటి నీళ్ళు కదిలాయి. తర్వాత ఎడమ అరుగు కిందినుంచి ఒక తెల్లటి చార వచ్చి అందులో కలిసింది. చూస్తుండగానే కాలువ కాలువంతా తెల్లబడింది. ఒక డ్రమ్ము అడుగు తుప్పు పట్టి కారుతోందని ఆ మధ్య ఎవరో అన్నారు. ఎండాకాలమంతా అది అరుగు మీద కారి పేరుకుని ఉంటుంది.

"ఏంది బిడ్డా, పాల లెక్క పోతాంది?" అన్నాడు తాత.

"సున్నం కావచ్చు తాతా" అన్నాను.

సున్నం కాదని నాకు తెలుసు. ఆ ఫ్యాక్టరీలో గోడలకు తప్ప ఎక్కడా సున్నం లేదు. లేచి వెళ్ళి ఒక్క సీసా ముంచితే చాలు, యాభై అడుగులు కూడా ఉండదు. మళ్ళీ మెరిసింది. నేను కిటికీకి వీపు పెట్టి చాయ్ తాగుతూ కూర్చున్నాను. చాయ్ చల్లారిపోయింది, అయినా తాగుతూనే ఉన్నాను.

గంట దాటాక వాన తెరిపిచ్చింది. వెళ్ళి సీసా పట్టాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కాగితం రంగు మారలేదు. రంగు లేదు, వాసన లేదు, సాధారణం, ఇరవై నిమిషాలు. రాసి సంతకం పెట్టాను. మిరుగు కదా అని పర్మిషన్ తీసుకుని మధ్యాహ్నమే బస్సెక్కాను. దారంతా ఆ తెల్లటి చారే కళ్ళ ముందు కదులుతోంది. కుంటలో కలిస్తే పలచబడుతుందిలే, ఎవరు తాగుతారులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంటికి చేరేసరికి మూడున్నర. బావ గడపలోనే నవ్వుతూ ఎదురొచ్చాడు.

"నువ్వొస్తే కలిసి తిందామని ఆగిన. మీ అక్క మాత్రం ఆకలికి ఆగలేక తిన్నది. ఇయ్యాల అదృష్టం చూడు! వల ఏసుడే లేదు. చేపలన్ని మీదికి తేలినయి, చేతులతోటే ఏరిన."

"ఏడ బావా?"

"ఏడనో ఎందుకు? మీ కుంటల్నే! నీకు చూపెడ్దామని ఒక కొర్రమట్టను ఉంచిన, రా."

మూలన నీళ్ళ డబ్బా ఉంది. అందులో మూరెడు కొర్రమట్ట కడుపు పైకి తిప్పి తేలుతోంది. దాని చుట్టూ ఉన్న నీళ్ళు పలచటి మజ్జిగలా ఉన్నాయి. వంగి వాసన చూశాను. ల్యాబులో రోజూ నా చేతులకు అంటుకునే వాసనే.

"అక్క ఏది?"

అక్క మగ్గం గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. రవిక చెమటకు తడిసి ముద్దయింది. నోట్లోంచి ఉమ్మి కారుతుంటే కొంగుతో తుడుచుకుంటోంది. నల్లా రాలేదని, చేపలన్నీ ఆ డబ్బాలో బావ తెచ్చిన కుంట నీళ్ళలోనే గంటసేపు తోమి కడిగిందట.

"ఏందో కండ్లు మసక మసకగున్నయే. కడుపుల దేవినట్టయితాంది" అంది నన్ను చూసి. "పోపు మాడిందేమో. నువ్వు తిను, మంచిగైంది."

చూరు కింది పొయ్యి మీద ఉన్న కూరగిన్నెను తీసుకెళ్ళి బయట మట్టిలో కుమ్మరించాను. "ఏమైందే, పిస్స లేచిందా?" అని బావ అరుస్తూనే ఉన్నాడు. డబ్బా మీద మూత పెట్టి చంకన పెట్టుకున్నాను. "రిక్షా తే బావా, దవాఖానకు పోదాం, జల్ది!" అని నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు బయటికొచ్చారు.

రిక్షాలో అక్క తల నా ఒళ్ళో ఉంది. రెండుసార్లు కక్కుకుంది. ఆమె చేతి కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. చిన్నప్పుడు గుంటలో నేను పక్కన ముడుచుకుని కూర్చున్న ఆ కాళ్ళు ఇప్పుడు వాటంతట అవే కొట్టుకుంటున్నాయి. "అక్కా, నేనున్న గద" అందామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని అనను?

దవాఖానలో డ్యూటీ డాక్టరు చిన్నవాడే, చురుకైనవాడు. అక్క కళ్ళలోకి లైటు వేసి చూశాడు. బావ చేపల సంగతంతా చెప్పాడు, కుంట ఎక్కడుందో కూడా. డాక్టరు వెంటనే ఫ్యాక్టరీకి ఫోన్ చేయించాడు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"వాళ్ళు రిజిస్టర్ చూసి చెప్తాన్రు. పొద్దుగాల వాన పడంగనే శాంపిల్ తీసిన్రంట. నీళ్ళల్ల ఏం లేదు, నార్మల్ అంటాన్రు."

"చూసిన్రా?" అన్నాడు బావ, ఏడుస్తూనే కాస్త ధైర్యం వచ్చినవాడిలా. "మా మరదలే సార్ ఆడ నీళ్ళు చూసేది. గీమెనే. ఆమె చూసిందంటే ఫికరుండదు."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. చంకలో డబ్బా చల్లగా తగులుతోంది.

డాక్టరు నావైపు తిరిగాడు. "చూడమ్మా, ఇది పురుగుమందే, నాకు అనుమానం లేదు. కాని ఏ జాతిదో తెల్వాలె. ఒక జాతికైతే నా దగ్గర సూది ఉంది. రాత్రంతా ఆపకుంట పెద్ద మోతాదుల ఇచ్చుకుంట పోవాలె. ఇంకో జాతైతే ఆ సూదితోటి లాభం లేదు, అంత మోతాదిస్తే ఈమె గుండె తట్టుకోదు. కంటిపాపలు చూస్తే మొదటిదే అనిపిస్తాంది. అనిపిస్తే సరిపోదు గద. నీళ్ళు మంచిగున్నయని నువ్వు రాస్తివి. మరి ఇదెక్కడిది?"

ఆ క్షణంలో నేనేం ఆలోచించానో దాచకుండా చెబుతాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. జైల్లో వేస్తారనుకున్నాను. వీటన్నిటికంటే ముందు, బావ నా పక్కనే నిలబడి వింటున్నాడే అనుకున్నాను. తెలియదు సార్ అంటే చాలు, ఎవరూ నన్ను తప్పుబట్టరు. నోరు తెరిచి 'తె' అనేదాకా వచ్చాను కూడా. అప్పుడు మంచం మీద అక్క గొంతులో గురగురమని చప్పుడయింది. ఊపిరి పీల్చడానికి ఆమె తల వెనక్కి విరుచుకుంటోంది.

"నేను రాసింది అబద్ధం సార్" అన్నాను. "వాన పడంగనే పోలె. ఉరుములకు భయపడి గంటసేపు గేటు రూముల కూసున్న. మొదటి నీళ్ళు తెల్లగ పోయినయి. కిటికీలకెల్లి నేను కండ్లార చూసిన. ఎడమ అరుగు కిందికెల్లే వచ్చినయి. కుడి అరుగు మీద డ్రమ్ములకు ఏం కాలె."

"ఎడమ అరుగు మీద ఏముంది?"

మందు పేరు చెప్పాను. డబ్బా మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. ఆయన ఒక్కసారి వాసన చూసి, "సిస్టర్!" అని కేకేసి లోపలికి పరుగెత్తాడు.

బావ నావైపు ఒకసారి చూసి, వెళ్ళి వరండా మెట్ల మీద కూర్చున్నాడు. చెంప మీద ఒకటిచ్చినా బాగుండేది.

చీకటి పడకముందే ఆ కుంట పక్క ఊరినుంచి ఇద్దరు కూలీలను ఎడ్లబండిలో తెచ్చారు. అవే చేపలు, అదే చెమట, అదే ఉమ్మి. వాళ్ళకు ఏ సూది ఇవ్వాలో డాక్టరుకు అప్పటికే తెలుసు. బతికారు. వాళ్ళ ఆడవాళ్ళు వరండాలో నా పక్కనే కూర్చుని ఏడ్చారు. నేను ఎవరో వాళ్ళకు తెలియదు. ఒకామె నా భుజం మీద చెయ్యేసి, "మీ అక్కకు ఏం గాదు బిడ్డా" అంది.

మూడో రోజు అక్క కళ్ళు తెరిచి సరిగ్గా చూసింది. ఆ మూడు రోజులూ నేను ఏం తిన్నానో, ఎక్కడ పడుకున్నానో నాకు గుర్తులేదు. చెంచాతో జావ పోస్తూ, ఇక ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, ఆ కూర తింటుంటే నీకు వాసన రాలేదా?"

"ఎందుకు రాలే?" అంది, గొంతు బొంగురుగా. "కడుగంగనే వచ్చింది. గాసునూనె తీర్గ కొట్టింది. పారబోద్దామనుకున్న. మల్ల, మా చెల్లె చూసిన నీళ్ళే గద, వాసనకేమైతదని తిన్న."

నేను చెంచా గిన్నెలో పెట్టేశాను. బావ ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేనే చెప్పాను. చాయ్ తాగుతూ కూర్చున్నానని కూడా చెప్పాను. అక్క కళ్ళు కప్పు వైపు తిప్పింది. "ఉరిమిందా?" అని అడిగింది. ఉరిమిందన్నాను. "ఊఁ" అంది. అంతకుమించి ఆ విషయం మా మధ్య ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళాను. రిజిస్టర్ తీసి మిరుగు నాటి వరుస మీద ఎర్ర సిరాతో గీత కొట్టాను. కింద రాశాను: మొదటి అరగంటలో శాంపిల్ తీయలేదు. కాలువ నీళ్ళు తెల్లగా ఉండటం కిటికీలోంచి చూశాను. ఎడమ అరుగు నుంచి వచ్చాయి. అంతకు ముందు రెండేళ్ళలో రాసిన ఇరవై నిమిషాలేవీ నిజం కావు. మేనేజరు పిలిపించి, "నీతోటి పాటు మమ్మల్ని గూడ ముంచుతవా?" అని గట్టిగా అరిచాడు. నాకు ఆయనన్నా భయమే. అంతా విని, బయటికొచ్చి, ఆ పేజీ నకలు బోర్డుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపేశాను.

బోర్డునుంచి మనుషులొచ్చారు. అరుగుల మీద రేకులు పడ్డాయి, తూముకు తలుపు పడింది. ఆ వానాకాలమంతా నేను మొదటి చినుకుకే సీసా పట్టుకుని వెళ్ళాను. ఉరిమితే అక్కడే కూర్చుని ఏడ్చాను, కానీ సీసా ముంచాకే ఏడ్చాను. గేటు తాత నా మీద గోనెసంచి పట్టుకుని నిలబడేవాడు. చలికాలం రాగానే వేరే ఏదో కారణం రాసి నన్ను తీసేశారు. తర్వాత ఒక బడిలో సైన్సు పాఠాలు చెప్పుకుని బతికాను.

అక్క కోలుకుంది. మళ్ళీ మగ్గం ఎక్కింది. నా మీద కోపం పెట్టుకోలేదు, నన్ను అదే ప్రేమగా చూసుకుంది. ఒక్క అలవాటు మాత్రం కొత్తగా వచ్చింది. తను వండుకున్నది, బావ బజారునుంచి తెచ్చింది ఏదీ చూసుకోకుండానే తింటుంది. నేను వడ్డిస్తే మాత్రం మొదటి ముద్దను ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నోట్లో పెట్టుకుంటుంది. అలా చేస్తున్నానని ఆమెకు కూడా తెలియదు. నేను ఆ క్షణం అటు తిరిగి, నీళ్ళ చెంబు సర్దుతూ ఉంటాను.